పైవాటా సముద్రం

నీళ్లు మూడొందల లీటర్లు.
రాళ్లు, ఇసక, గాజు, ఇనప స్టాండూ కలిపితే
దగ్గర దగ్గర అయిదొందల కిలోలు.
సరిగ్గా నా మంచం మీద.
మధ్యలో ఉన్నదల్లా ఒక్క శ్లాబు,
దాని వయసూ నా వయసూ ఒకటే.

ఒస్త్రావాలో ఎవరికి కావాలి సముద్రం?
రైలెక్కి ఒక రాత్రంతా పోతే గానీ
దాని వాసన కూడా తగలదు.
గొడవ పెట్టుకుందామనే మెట్లెక్కాను.

బోహుష్ తలుపు తీశాడు.
మోచేతుల దాకా తెల్లటి పొడి,
ముప్పై రెండేళ్లు బొగ్గులో నానిన చేతులకి.
"ఉప్పు కలుపుతున్నా ద్రాహోమీరా,
కాస్త ఎక్కువైంది, మళ్లీ నీళ్లు పొయ్యాలి" అన్నాడు,
మొదటిసారి సూపు కాస్తున్న కొత్త పెళ్లికొడుకులా.
శ్లాబు మాట ఎత్తితే నవ్వాడు.
"కప్పు కింద బతికినవాణ్ణి.
ఏ కప్పు ఎంత మోస్తుందో నాకా చెప్తావు?"

నెల తిరిగింది. తొట్టిలో
నీళ్లున్నాయి, రాళ్లున్నాయి, చప్పుడుంది.
చేప లేదు.
చేపేదయ్యా అంటే
గాజు గొట్టంలో చుక్కలు వేసి, ఆడించి, వెలుతురుకి పట్టి
"ఇంకా గాలి బాగాలేదు" అంటాడు.
ఆకుపచ్చకి తిరిగితే విషం, పసుపుగా నిలిస్తే దిగొచ్చు.
గనిలోనూ ఇంతేనట,
దీపం మంట మీద నీలి టోపీ లేచిందంటే
ఎంత మొనగాడైనా వెనక్కి తిరగాల్సిందే.

ఆరో వారం
తెల్లని ఇసకంతా గోధుమరంగు దుమ్ము.
నేను బ్రష్షు తెస్తానన్నాను.
"వద్దు. దాని ఆకలి తీరాక అదే పోతుంది.
చూశావా, మసి నన్నిక్కడా వదల్లేదు."
తొమ్మిది నత్తల్ని వదిలాడు.
అవి గాజు మీద రాసుకుంటూ పోయాయి
ఎవరికీ తొందరలేని సంతకం.

బ్ర్నోనుంచి వచ్చింది మొదటి పగడం,
రైల్లో, కోటు లోపలి జేబులో, ఛాతీ వెచ్చదనంలో.
బొటనవేలి గోరంత.
రెండు రోజులు ముడుచుకుని కూచుంది.
మూడో రోజు దీపం నీలమయ్యే వేళకి
ఏడు బొత్తాలు విప్పింది.
మేమిద్దరం ఊపిరి బిగబట్టి చూశాం.
సిగ్గేసింది తర్వాత.

చివరికి ఒక రొయ్యా, ఒక చేపా.
రొయ్యకి చూపు ఆనదు, పొద్దస్తమానం సొరంగం తవ్వుతుంది.
చేప వాకిట్లో కాపలా.
రొయ్య మీసమొకటి ఎప్పుడూ చేప ఒంటి మీదే.
తోక ఒక్కసారి వణికిందా, ఇద్దరూ లోపల.
చేపకి వీతెక్ అని పేరు పెట్టాడు.
ఎందుకని నేనడగలేదు.
గని ఆసుపత్రిలో నర్సుని నేను,
ఆ పేరు ఒక తెల్లవారుజామున
నా చేత్తోనే రిజిస్టర్లో రాశాను.

ఫిబ్రవరిలో తీగల మీద మంచు తెగిపడి
కరెంటు పోయింది.
నన్ను లేపింది చప్పుడు కాదు, చప్పుడు లేకపోవడం.
ఉన్న రెండు దుప్పట్లూ చంకన పెట్టుకుని
చీకట్లో మెట్లు తడుముకుంటూ పోయేసరికి
నెత్తిన పాత గని దీపం కట్టుకుని
చెంబుతో నీళ్లు ముంచుతున్నాడు,
ఎత్తునుంచి పోస్తున్నాడు, మళ్లీ ముంచుతున్నాడు.
వాటికి ఊపిరాడాలి కదా.
తొట్టికి దుప్పట్లు చుట్టాం.
"ఇలా ఇవ్వు చెంబు, నీ షిఫ్టు అయిపోయింది" అన్నాను.
ఎదురుచెప్పలేదు. గోడకి ఆనుకుని
కూచున్నవాడు కూచున్నట్టే నిద్రపోయాడు.
నాలుగున్నరకి మోటారు దగ్గింది.
సొరంగంలోంచి టప్మని ఒక చిటిక.

శ్లాబు సంగతి మరిచిపోయాననుకోకండి,
వచ్చే సొసైటీ మీటింగులో అడిగి తీరతాను.
ఈలోగా ప్రతి శనివారం
ముప్పై లీటర్ల పాత సముద్రం
నా మంచం పక్క గోడలో, పైపులోంచి
కిందికి దిగిపోతుంటుంది.
ఆ కాసేపూ రేడియో ఆపేస్తాను.