ఎవరి అర్ధరాత్రి

దరఖాస్తుకు గడువు అర్ధరాత్రి అన్నారు.
ఎవరి అర్ధరాత్రి?
బ్రస్సెల్స్‌లో గడియారం పన్నెండు కొట్టేసరికి
మా బిష్కెక్‌లో తెల్లవారుజాము ఐదు,
బొగ్గుపొగ కిటికీ దాకా వచ్చి నిలబడే వేళ.
ఆ ఐదు గంటలే మనకు దక్కిన తొలి గ్రాంటు అంటాను.
నవ్వదు సెజిమ్. అంకెలు కూడుతూ ఉంటుంది.

ముప్పై ఒక్క ఏళ్లుగా ఈ గదిలో
పరిశోధక విద్యార్థుల లెక్కలు రాస్తున్నదాన్ని.
బూరుల్ ఎజె అంటారు నన్ను, పెద్దక్క అని.
నాకు భౌతికశాస్త్రం రాదు.
కానీ బడ్జెట్ కాగితం చూస్తే
ఎవరు మధ్యాహ్నం తిండి మానేశారో చెప్పగలను.
వంతెనల్లో పగుళ్ల చప్పుడు వినే ఆజత్
మైక్రోఫోను కోసం బస్సు ఛార్జీలు కొట్టేసుకున్నాడు.
అతని బూట్లు నాకు ముందే చెప్పాయి ఆ సంగతి.

స్కాలర్‌షిప్పులు లేవని కాదు.
ఒకటి ఇరవై ఆరు దాటితే తలుపు తియ్యదు.
ఒకటి సిమెంటు కంపెనీది,
సిమెంటు గురించి మంచి మాటే రాయాలి.

సెజిమ్‌ది కొండమీద మంచు కరిగి పుట్టిన సరస్సు.
వాళ్ల మాస్టారు చూసిన నాటికి చీలమండ తడవని మడుగట,
ఇప్పుడు అడుగు అందదు.
గట్టు రాయి కాదు, పాత మంచూ మట్టీ.
ఏ వేసవికి తెగుతుందో ఎవరికీ తెలియదు.
నీటిమట్టం కొలిచే యంత్రం కావాలి,
చలికి చావని బ్యాటరీ కావాలి,
రెంటినీ పైకి మోయడానికి గుర్రం కావాలి.

గుర్రానికి గడి లేదు ఫారంలో.
విమానానికి ఉంది. టాక్సీకి ఉంది.
పోయినేడు "ఇంధనం అక్కర్లేని స్థానిక రవాణా" అని రాశాం.
ఇంధనం లేకుండా ఎలా నడుస్తుందో వివరించమన్నారు.
గడ్డితో, అని రాయబోయింది పిల్ల.
నేనే చెయ్యి పట్టుకున్నాను.

ఈసారి సూటిగా రాశాం: గుర్రం, ఒకటి, పద్నాలుగు రోజులు.
మీ పరిశోధన ఎందుకు ముఖ్యమో
మూడువందల మాటల్లో చెప్పమన్నచోట
నాలుగువందల పన్నెండు వచ్చాయి.
కొట్టేస్తూ పోయాం.
మాస్టారి పేరు పోయింది, చరిత్ర పోయింది.
దిగువనున్న నలభై ఇళ్లు తీసేద్దామా అంది
మూడున్నరకి, కళ్లు మండుతుంటే.
ఇళ్లు ఉండనీ, "అత్యంత వినూత్నమైన" తీసెయ్ అన్నాను.
నాలుగూ యాభై ఎనిమిదికి పంపాం.
చల్లారిన టీలో జామ్ అడుగునే ఉండిపోయింది.

మార్చిలో జవాబు వచ్చింది.
మూడో స్థానం. డబ్బు ఇద్దరికే.
మీ ఉత్సాహాన్ని అభినందిస్తున్నాం.
ఉత్సాహాన్ని ఏ పద్దు కింద జమ కట్టాలో
ఇన్నేళ్లలో నాకెవరూ చెప్పలేదు.

జూన్‌లో వెళ్లింది,
ఆజత్ దగ్గర ఎరువు తెచ్చుకున్న తాడుతో,
పాత కారు బ్యాటరీని ఉన్ని కోటులో చుట్టుకుని.
గుర్రం ఆసామి తోక్తోబెక్ అద్దె ముట్టలేదట.
సరస్సు తెగితే మొదట పోయే ఇల్లు నాది,
నాతోనా బేరం, అన్నాడట.
అయినా రశీదు రాసిచ్చాడు,
అది లేకపోతే నేను ఊరుకోనని ఇది చెప్పి ఉంటుంది.
వార్తాపత్రిక అంచు మీద, పెన్సిలుతో:
పద్నాలుగు రోజులు. సున్నా సొమ్. ముట్టింది.

రెండేళ్లకు ఇవాళ
ఆమె సిద్ధాంత గ్రంథం నా బల్ల మీదికి వచ్చింది.
ఆర్థిక సహాయం అన్న పేజీలో
సంస్థల పేర్లు ఉండాల్సిన చోట
కార్గా అని ఒక్కటే పేరు.
తోక్తోబెక్ గుర్రం అది.
నిబంధన ప్రకారం కొట్టెయ్యాలి.
గుమ్మంలో నిలబడి ఉంది సెజిమ్,
గోడ మీది క్యాలెండర్ చదువుతున్నట్టు.
సీలు ఇంకు గట్టిపడి ఉంది, ఆవిరి ఊదాను,
ఒత్తాను.

వెళ్తూ వెళ్తూ ఆగింది.
ఆజత్‌కి చెప్పు, నవంబరులో ఇంకో గడువుంది అన్నాను.
బ్రస్సెల్స్‌దేనా?
కాదు, టోక్యోది.
వాళ్ల అర్ధరాత్రి మన తొమ్మిదింటికే వచ్చేస్తుంది.
ఈసారి మూడు గంటలు మనమే ఇచ్చుకోవాలి.