కాకిబంగారం

సంతపేటలో చెంగల్రాయుడి పాత సామాన్ల కొట్లో
పుస్తకానికి ముందు తూకం, ఆ తర్వాతే పేరు.
నేను పేరు అడగను.
గొడ్ల డాక్టరు లాగా వీపు మీద చెయ్యేస్తాను.

తోలు దూడదా, మేకదా?
గోరు తగిలి ఎర్రగా పొడి రాలిందంటే
ఇక ఎంత నూనె పట్టించినా లేవదు.
అట్ట తెరిస్తే కిర్రుమందా, మూలిగిందా?
రామబాణం పురుగు ఏ పుటలో దూరి
ఏ పుటలో తేలింది?
చివరగా వాసన.
పెన్న పొంగిన ఏడు తడిసిన కాగితాన్ని
ఎన్ని ఎండాకాలాలు ఆరబెట్టినా
నాచు నాచుగానే ఉంటుంది.

ఇది వడ్డీ లెక్కల పుస్తకం. పేరుపుట లేదు.
బండి ఱ ఇంకా బతికున్న రోజుల చెన్నపట్నం అచ్చు.
అణాలూ పైసలూ సేర్లూ వీశెలూ గళ్ళు గళ్ళుగా.
దూడతోలు. వీపున ఐదు బంగారు గీతలు,
రెండు చెరిగినయ్.
లోపలి అట్టకి ఏనుగు బొమ్మతో ఏదో సంస్థానం ముద్ర.
"రాజావారిది సార్, కిలోల్లెక్క ఇచ్చేది కాదు"
అన్నాడు రాయుడు, త్రాసు పక్కకి జరిపి.

కిటికీ దగ్గరికి తీసుకుపోయి చూశాను.
పురుగు తొలిచిన చిల్లులోకి
ముద్ర సిరా దిగింది.
అంటే పురుగు ముందు, రాజు వెనక.
ఆ మాట వాడికి చెప్పలేదు.
మూడొందలిచ్చి తెచ్చుకున్నాను.

మూలాపేటలో దస్తగిరి
మైలుతుత్తం కలిపిన మైదా ఉడికిస్తా ఉన్నాడు.
వీపు విప్పి, అద్దాలు నొసటికి నెట్టి,
"దీన్ని మజ్జలో ఎవురో కుట్టారు సార్.
బైండరు కాదు. దబ్బనంతో, గోతం కుట్టినట్టు.
చేతిలో బలం ఉండాది, కొలత ల్యా" అన్నాడు.

అప్పుడు జారింది నలభై ఏడో పుటలోంచి
అరచేతంత కాకిబంగారం రేకు.
ఉల్లిపొర కన్నా పల్చన.
పుట మీద పరిస్తే కింద అంకెలన్నీ కనపడతా ఉండాయి.
గుర్తు పెట్టుకున్న మనిషికి
చదవడం ఆపడం ఇష్టం లేదేమో.

అంచుల నిండా పెన్సిలు.
సైదాపురం గని. మంగళవారం.
చీల్చింది తొమ్మిది సేర్లు, గుమాస్తా రాసింది ఏడు.
సేరుకి అర్ధణా. పోయింది అణా.
బుధవారం, పోయింది అణా.
గురువారం జొరం.
శుక్రవారం అణాన్నర.
ఇట్లా పదకొండు పుటలు.
పోయినదానికంతా వడ్డీ కూడా కట్టింది,
నూటికి రూపాయి చొప్పున,
ఆ పక్క గళ్ళోనే చూసి.
ఒక్క తప్పు లేదు, నేను కూడి చూశాను.
తప్పల్లా పేరులోనే:
మస్తానంమ.

మద్రాసు నుంచి వరదాచారి ఫోన్లో అంటాడు,
"అంచులు తెల్లగా ఉంటే పన్నెండు వేలు, రాతలుంటే నాలుగు.
ముద్ర మాత్రం జాగ్రత్త, గిరాకీ దానికే."

తుడవడం నాకు రాక కాదు.
రొట్టె మెత్తన తీసి, ఉండ చేసి,
కాగితం నూగు లేవకుండా తుడవడంలో
ఈ జిల్లాలో నన్ను మించినవాడు లేడు.
ఎన్ని పేర్లు అట్లా ఉండలు చుట్టి
కాకులకి వేశానో
నా రిజిస్టరులో ఎక్కడా లేదు.
'స్థితి: శుభ్రం' అని మాత్రం ఉంది.

దస్తగిరి రెండుసార్లు కబురు పెట్టాడు,
పాత కుట్టు తీసెయ్యాల్నా ఉంచాల్నా అని.
జిగురు గట్టిపడిపోతా ఉందంట.

రాత్రి అన్నం కలుపుతుంటే
వేళ్ళ సందుల్లో తళుక్కుమంది.
సబ్బుతో కడిగాను. పోలేదు.
లైటు కిందకి పుస్తకం లాక్కుని
ఆమె ఆపిన చోటి నుంచి వడ్డీ కట్టుకుంటూ వచ్చాను.
పట్టిక పన్నెండేళ్ళ దగ్గర అయిపోయింది.
ఆ తర్వాతది
విడి కాగితం మీద నేనే వేసుకోవాలి.