ఆ అల మనది

ఉదయం ఆరింటికి త్రాకైలో
సరస్సు కనబడదు, పొగమంచు కనబడుతుంది.
అందులోంచి నాలుగు తెడ్ల పడవ,
మూడో సీటులో మా అమ్మాయి రుగీలె.
వెనకాలే చిన్న మోటారు బోటులో కోచ్ వైదీలె.
ఆమె పక్కన, బతిమాలి ఎక్కిన నేను,
విల్నియస్ నుంచి వచ్చిన సలహాల వర్తకుణ్ణి.

కోచ్ అంటే అరుస్తారనుకున్నాను.
ఈమె మెడలో ఈల ఉంది గానీ
ఊది ఎన్నాళ్ళయిందో, తుప్పు పట్టింది.
నలభై నిమిషాల్లో పిల్లలతో అన్నది రెండే ముక్కలు:
"మూడు. భుజాలు."
చెవుల దాకా ఎక్కిన మా పిల్ల భుజాలు
మెల్లగా కిందికి దిగాయి.
పదహారేళ్ళుగా నేను చెబుతున్నా దిగనివి.

ఉండబట్టలేక అడిగాను,
రెండో అమ్మాయి తెడ్డు ఆలస్యంగా పడుతోంది,
చెప్పరేం?
"దానికి తెలుసు.
తెలిసిందే మళ్ళీ చెబితే
రేపట్నుంచి నా మాట వింటుంది,
నీళ్ళ మాట మానేసి."

ఇంతలో పడవ ఒరిగింది. నాలుగు తెడ్లూ తడబడ్డాయి.
నేను జేబులోంచి పుస్తకం తీసి
టైము వేసి రాసుకున్నాను: తడబాటు.
వైదీలె ఆ పేజీలోకి తొంగి చూసి
మొదటిసారి నవ్వింది.
"తడబాటు కాదు నాయనా, ఆ అల మనది.
మరీ దగ్గరికొచ్చాం."
మోటారు ఆపేసింది.
ఆ నిశ్శబ్దంలో వాళ్ళు నలుగురూ
ఒకే ఊపిరి తీసుకోవడం వినిపించింది.

ఆ వారమే నేను
కాజిమీరాస్ రొట్టెల ఫ్యాక్టరీకి నివేదిక ఇవ్వాలి.
రై రొట్టెలు లోపల పచ్చిగా ఉంటున్నాయని
వందకు పదమూడు వెనక్కొస్తున్నాయి.
ఎనభై నాలుగు స్లైడ్లు తయారు చేశాను.
పాత పొయ్యిది తప్పు, రాత్రి షిఫ్టుది తప్పు,
థర్మామీటరుది కూడా.

గురువారం స్టాప్‌వాచ్ ఇంట్లో వదిలేసి వెళ్ళాను.
పొయ్యి దగ్గర జీవీలె, ఇరవై రెండేళ్ళ అనుభవం,
కాలే రొట్టెను బోర్లా తిప్పి
అడుగున వేలి కణుపులతో తట్టి
చెవి దగ్గర పెట్టుకుంటోంది,
కడుపులో బిడ్డ కదలిక వింటున్నట్టు.
ఒకటి తీసింది. రెండోదాన్ని మళ్ళీ లోపలికి తోసేసింది.
గంటసేపు ఏమీ అడక్కుండా నిలబడ్డాను.
తనే అంది:
"మీరు గడియారం పట్టుకుని నించున్న రోజుల్లో
ముందే లాగేసేవాళ్ళం సార్.
మీ కళ్ళకు చురుగ్గా కనబడాలి కదా."

తేదీలు సరిచూసుకున్నాను.
పచ్చి రొట్టెల రోజులు,
నేను వచ్చిన రోజులు.
చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు.
నేను ఆ లోకువ మీదే ఇల్లు కట్టుకున్నాను,
గంటకింత చొప్పున.

స్లైడ్లు తీసేసి ఒక కాగితం ఇచ్చాను:
జీవీలెకి ఇద్దరు కుర్రాళ్ళను అప్పగించండి.
పొయ్యి దగ్గరికి నన్ను రానివ్వకండి.
కాజిమీరాస్ రెండుసార్లు చదివి
"దీనికి కూడా బిల్లా?" అన్నాడు.
సగం వేశాను.
పూర్తిగా వదులుకునేంత మంచివాణ్ణి కాను.

ఆగస్టు పందెంలో మా వాళ్ళది నాలుగో స్థానం.
ఒడ్డున పిల్లలు ఒకర్నొకరు పట్టుకుని ఏడ్చారు, నవ్వారు.
వైదీలె దూరంగా ట్రెయిలర్ దగ్గర
ఊడిన బోల్టులు లెక్కపెట్టుకుంటోంది.
ఎవరూ ఆమె వైపు చూడలేదు.
ఆమెకు అది లోటుగా ఉన్నట్టు లేదు.
నాకైతే ఉండేది.

మొన్న జీవీలె ఒక రొట్టె పంపింది, గుడ్డలో చుట్టి.
వంటింట్లో తిరగేసి తట్టి చూశాను.
చప్పుడే వినిపించింది, అంతే.
రుగీలె లాక్కుని, తట్టి,
చెవికి ఆనించి కళ్ళు మూసుకుంది.
ఎలా వినాలో చెబుదామని నోరు తెరిచాను.

తెరిచిన నోట్లో
ఒక ముక్క పెట్టుకున్నాను.