వ్యాఖ్యలు రాయవలసిన చోటు

లుమెజ్జానెలో వాన.
కొండవాలు మీద ఒకదాని భుజమెక్కి ఒకటి వర్క్‌షాపులు.
కింది అంతస్తులో లేతు, పై అంతస్తులో వంటిల్లు.
మెట్ల మీద ఇత్తడి వాసన,
దాని వెనకాలే ఉల్లిపాయలు వేగుతున్న వాసన.

నా సంచిలో పద్నాలుగు పేజీల ఫారం.
ధరకు నలభై మార్కులు, నాణ్యతకు ముప్పై, గడువుకు ఇరవై.
మిగతా పదీ దేనికన్నది ఏటా మారుతుంది.
ఈ ఏడు పర్యావరణం.

ఎర్మెస్ గిదీని చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.
తుడిచినా పోని పచ్చదనం గోళ్ళ కింద.
పదకొండేళ్ళుగా మా పంపుల్లో వాల్వులు ఇతనివే.
స్టుట్‌గార్ట్‌లో మావాళ్ళు ఇతన్ని పేరుతో పిలవరు,
4417 అంటారు.
నిన్నటిదాకా నేనూ అంతే.

"మార్చిలో ఏడు వాల్వులు..."
"అవును. సీటు దగ్గర వెంట్రుకంత పగులు.
లారీ బ్రెన్నెర్ కనుమ దాటకముందే
నేనే ఫోన్ చేసి వెనక్కి తిప్పించాను."
"తెలుసు. అందుకే రికార్డుకెక్కింది."

చేయకపోయుంటే?
వాటిలో మూడో నాలుగో మా తనిఖీ కళ్ళుగప్పి
ఎవరింటి నేలమాళిగలోనో
రాత్రంతా బొట్టుబొట్టుగా కారుతూ ఉండేవి.
ఇతనికి మాత్రం ఆరు మార్కులు మిగిలేవి.

ఇంకో కొటేషన్ కూడా ఉంది నా దగ్గర.
పన్నెండు శాతం తక్కువ. లోపాలు: సున్న.
అంత గుండ్రని సున్న
ఎందుకో నాకు గొంతు దిగదు.

కూతురు నివేస్ కాఫీతో పాటు
గళ్ళ నోటుబుక్కు ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టింది.
ఎర్ర సిరాతో మా కంపెనీ పేరు, కింద అంకెలు:
నూటపద్దెనిమిది. నూటముప్పై ఒకటి. నూటనాలుగు.
"తొంభై రోజుల్లో ఇస్తామని సంతకం పెట్టారు," అంది,
"మీకు మార్కులు నేనూ వేస్తున్నాను.
ఎవరికి పంపాలో తెలీక ఇక్కడే ఉంచాను."
ఎర్మెస్ కిటికీలోంచి వాన చూస్తున్నాడు,
ఆ పిల్ల ఎవరో తనకు తెలియనట్టు.

కాఫీ చల్లారింది. తాగాను.

కారులో కూర్చుని కూడాను.
డెబ్బై ఒకటి.
డెబ్బై అయిదు దాటనివాళ్ళు నిఘా జాబితాలోకి,
అక్కణ్ణించి ఎక్కడికో అందరికీ తెలుసు.
మళ్ళీ కూడాను. అంకెలకు మొహమాటం లేదు.

చివరి పేజీలో, వ్యాఖ్యలు: తప్పనిసరి కాదు.
మూడు గీతలంత చోటు.
'ఇతను ఫోన్ చేస్తాడు' అని రాశాను.
చుక్క పెట్టాను.
కాసేపాగి, దాని కిందే
నూటపద్దెనిమిది, నూటముప్పై ఒకటి, నూటనాలుగు
ఎర్ర పెన్ను లేక నీలంతోనే రాశాను.

వాన ఆగలేదు.
పై అంతస్తులో ఎవరో ఉల్లిపాయలు మాడ్చేశారు.