లవణ ద్రావణం, గొడవర్తి 1991 ప్రకారం

పదవీ విరమణ ఫారంలో పదకొండో గడి అడుగుతోంది:
మొత్తం సైటేషన్లు ఎన్ని?
కాకినాడలో కరెంటు పోయింది.
ఫ్యాను ఆగిపోయిన నిశ్శబ్దంలో
లెక్క మొదలెట్టాను.

ముప్ఫై నాలుగేళ్ళు.
మండపీత లోపల ఆవగింజంత నరాల ముడి,
అందులోకి వెంట్రుక కన్నా సన్నటి గాజుసూది దించి
తెరమీద ఆకుపచ్చ గీత ఎగిరేదాకా
ఊపిరి బిగబట్టి కూర్చోవడం.
నీ ఉద్యోగం ఏమిటే అని అమ్మ అడిగితే
అదేనని చెప్పేదాన్ని.
"పీతలకి మతిమరుపా?" అనేది.
"కాదమ్మా. మతి."

నేను కనుక్కున్నది ఒక్కటే.
కోరంగి పాయలో పట్టి, మూడో అంతస్తుకి మోయించి,
కిటికీలకు నల్లగుడ్డ కొట్టిన గదిలో
ప్లాస్టిక్ తొట్టెలో పెట్టినా
అక్కడ పోటెక్కే వేళకి
ఇక్కడ దాని నరం లేచేది.
రోజుకి యాభై నిమిషాలు ఆలస్యంగా, అచ్చం సముద్రంలాగే.
పదకొండు రోజులు తప్పలేదు.
పన్నెండో రోజు తడబడింది.
పద్నాలుగో రోజు మర్చిపోయింది.
ఆ మర్చిపోవడాన్ని గ్రాఫు కాగితం మీద గీస్తూ ఏడ్చాను.
అది పేపర్లో లేదు.

ఆ పేపరుకి సైటేషన్లు తొమ్మిది.
అందులో నాలుగు నేనే.

మూడొందల పన్నెండు వచ్చింది అంతకు ముందుదానికి.
రెండున్నర పేజీలు.
పీత నరం గంటలకొద్దీ బతికుండాలంటే
ఏ ఉప్పు ఎంత కలపాలో చెప్పే వంట కాగితం.
పేర్లు పలకడం రాని ఊళ్ళ నుంచి ఎవరెవరో రాశారు,
రొయ్యల మీద, నత్తల మీద,
నేనెన్నడూ చూడని చలిసముద్రపు జీవుల మీద.
అందరిదీ ఒకటే వాక్యం:
లవణ ద్రావణం, గొడవర్తి 1991 ప్రకారం.
ఒకరు గోదవర్తి అన్నారు. అది బాగానే ఉంది.
ఒకరు నన్ను "ఆయన" అన్నారు.

ఇక అసలు సంగతి.
ఆ ఏడాది నాలుగు నెలలపాటు
ఏ నరమూ ఇరవై నిమిషాలు దాటి బతకలేదు.
పుస్తకాల్లో పాళ్ళన్నీ వేరే సముద్రాలవి.
సంగాని పేరంటాలు పీతల బుట్ట దించి,
నా బీకరులో వేలు ముంచి, నాలిక్కి రాసుకుని,
తుపుక్కున కిటికీలోంచి ఉమ్మింది.
"ఇదేం నీరండీ డాక్టరమ్మగోరూ!
మా పాయనీరు ఇలాగుండదు.
కార్తీకానికి ఉప్పెక్కుద్ది. ఇప్పుడు శ్రావణం కదండీ,
గోదారి ఎర్రనీరు దిగింది. ఇంకా సప్పగుండాలి."
నీళ్ళు పోశాను. వేలు ముంచింది. ఇంకాస్త.
మధ్యాహ్నానికి తలూపింది.
ఆ రాత్రి నరం తెల్లారేదాకా కొట్టుకుంది.
ఆ నీటిని తూచి, కొలిచి,
మూడు దశాంశాల దాకా రాసి
పైన నా పేరు పెట్టాను.
చివర కృతజ్ఞతల్లో, చిన్న అక్షరాల్లో:
పీతలు, స్థానిక సరఫరాదారు.

పోయిన నెల తాళ్ళరేవు దాటి వెళ్ళి చెప్పాను.
వల బాగుచేస్తున్న చెయ్యి ఆగలేదు.
మూడొందల పన్నెండు ఆవిడకి పట్టలేదు.
"పీతలకి పోటు గుర్తుంటాదన్నారు కదండీ,
దాన్నెందరు నమ్మేరు?"
"తొమ్మిది. నన్ను తీసేస్తే అయిదు."
"ఆయ్, పాడెకి నలుగురు సాలండీ.
ఒకడు మిగిలేడు."

కరెంటు వచ్చింది.
గడిలో అంకె వేశాను.
ఈపాటికి ఏదో మంచు ఊళ్ళో ఒక కుర్రాడు
చిన్న త్రాసులో ఉప్పు తూస్తూ ఉంటాడు.
తన బీకరులో శ్రావణమాసపు గోదారి
సముద్రంలోకి దిగుతోందని అతనికెవరు చెప్తారు?
ఇక చాలని దాన్ని ఆపింది ఒక నాలిక అని?

ఫారంలో అందుకు గడి లేదు.
పదకొండో గడి పక్కన, అంచున, ఇంకుతో రాశాను:
సంగాని పేరంటాలు.
గుమాస్తా కొట్టేస్తాడు. తెలుసు.