చింతపండు వీధి కొలతలు

గుణుపురం చింతపండు వీధికి
టేపు పట్టుకుని వచ్చాను.
రోడ్డు వెడల్పట. ఇంటికి ఆరడుగులు పోతాయి.

ముందు బరాటం వారి కొట్టు.
అరుగు మూడడుగుల పావు. గోడ మూరెడు మందం,
సున్నం, బెల్లం నీళ్ళు, కరక్కాయ.
గానుగ తిప్పిన ఎద్దు పేరు చెప్తాడు ముసలాయన,
తాపీవాడి పేరు గుర్తులేదంటాడు.
ద్వారం మీద తెలుగులో శ్రీరామ,
పక్కన ఒడియాలో గుండ్రంగా అదే రాముడు,
ఇద్దరినీ సగం కప్పేసి సిమ్ కార్డుల ఫ్లెక్సీ.

చిన్న రైలు ఇక్కడికొచ్చి ఆగిపోయేదట.
పట్టాలు అయిపోయిన చోట బేరం మొదలు.
కొండ దిగిన చింతపండు, పసుపు, అడ్డాకులు
పొద్దెక్కేలోపు బస్తాలయ్యేవి.
తిరిగి కొండెక్కేది ఉప్పు.

స్తంభం టేకు. చుట్టుకొలత రెండడుగుల నాలుగంగుళాలు.
వీధి వైపు చిలకలు, మాగుణి మహారణా ఉలి.
ముక్కున జామకాయ, కాయలో గింజలు కూడా.
లోపలి వైపు, గొంతుక్కూర్చున్న మనిషి భుజమంత ఎత్తున
కత్తి గాట్లు. ఐదేసి, ఐదేసి.

"చెదలా?" అన్నాను.
"సవర ముసల్ది, సొంబారి.
గంపకో గాటు పెట్టీది.
మా తాత చిట్టాకీ దాని గాట్లకీ
ఏ రోజూ కుదర్లేదు."
లెక్కపెట్టాను. అరవై మూడు.
"చిట్టాలో?"
ఆయన ఫ్లెక్సీ తాడు సర్దుతూ,
"నలభై."

ఎర్రరంగు గీత
సరిగ్గా స్తంభం నడుమ పడింది:
చిలకలు రోడ్డుకి, గాట్లు ఇంటికి.

ఫారంలో ఒక గడి, 'కట్టడం విశేషాలు'.
అరవై మూడు అని రాసి సంతకం పెట్టాను.
అడుగులా అంగుళాలా అని
రేపు ఆఫీసులో అడుగుతారు.