తలకిందుల అక్షరం

మోంజే దాటాక ఎర్రమట్టి దారి పక్కన
మా రెండెకరాల మొక్కజొన్న
మోకాలెత్తు పెరిగి ఆగింది.
ముందు ఆకుల మీద కిటికీలు తెరుచుకున్నాయి.
పచ్చదనం గోకేసిన చోట
అవతలి ఎండ ఇవతలికి కనబడేంత పలచని పొర.
ముచ్చటగా ఉందనుకున్నాను.
సిగ్గులేని మాటే. కానీ అనుకున్నాను.

వారం తిరిగేసరికి
ప్రతి సుడి నిండా తడి రంపపు పొట్టు.
వడ్రంగి మాత్రం ఎక్కడా లేడు.

హంగోమా సైకిలు దిగి
చేలో వంకరటింకరగా నడిచాడు.
ఇరవై మొక్కల్లో పదకొండు, అని రాసుకున్నాడు.
కత్తెర పురుగు, అన్నాడు.
మందు డబ్బా ధర చెప్పి
చెప్పినందుకు తనే నొచ్చుకున్నాడు.
ఆ ధర పిల్ల బూట్లు, యూనిఫాం,
ఇంకా కాస్త ఉప్పు.

అత్త పొయ్యిలోని బూడిద ఎత్తింది.
"తొంభై రెండులో వాన ఎగ్గొట్టింది.
ఆకాశాన్ని పట్టుకు నలపగలమా?
ఇది నయం, చేతికి దొరుకుతుంది."

అందుకే చీకటితోనే లేస్తాం.
ఎండెక్కితే అవి లోపలికి దిగిపోతాయి.
ఆకు విప్పాలి, వేలు పెట్టాలి, లాగాలి,
ఒక చిటికెడు బూడిద.
మళ్ళీ ఆకు, మళ్ళీ వేలు.
నడుం నాది కాదనుకుంటే పని సాగుతుంది.

చోల్వే ఒకదాన్ని గోటి మీద పెట్టుకుంది.
"అమ్మా, దీని నుదుటి మీద వై ఉంది, తలకిందులుగా."
నిన్ననే బడిలో నేర్చిన అక్షరం.
తోక దగ్గర నాలుగు చుక్కలు,
పాచిక మీద పడ్డట్టు.
ఆట ఎవరిదో అది అడగలేదు, నేను చెప్పలేదు.

ఎన్ని పుట్టినా చివరికి
సుడికి ఒక్కటే మిగులుతుందట.
తోడున్నవాటిని అదే తినేస్తుందట.
రాత్రి ఆ మాట గుర్తొచ్చింది,
ఐదుగురం ఒక్క న్షిమా పళ్ళెం చుట్టూ కూర్చున్నప్పుడు.
అత్త తన వైపు ముద్దని
చిన్నదాని వైపు నెట్టి
కడుపు నిండిందని అబద్ధమాడింది.

ఏరినవన్నీ కోళ్ళకే.
డబ్బా చప్పుడు వింటే చాలు, పరిగెత్తుకొస్తాయి.
నిన్న ఒక గుడ్డు పగలగొట్టాను.
పచ్చసొన ఎన్నడూ చూడనంత ముదురుగా ఉంది.
చోల్వే పెనం మీదికి వంగి
చాలాసేపు చూసి,
"ఇది మన చేనే కదా" అంది.

నేను ఉప్పు చల్లాను.